నాలుగు గదుల హోమ్‌స్టే, ఒక లెక్కల పుస్తకం: గోదావరి డెల్టాలో అతిథి ఇల్లు నడిపేవారు కార్బన్ తగ్గించుకోవడం ఎలా

మూడు సంక్రాంతుల కిందటి మాట. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకావిడ మా వసారాలో కాఫీ తాగుతూ “మీది ఎకో ఫ్రెండ్లీ హోమ్‌స్టేనా అండీ?” అని అడిగారు. “ఆయ్, అవునండీ” అనేశాను. వెదురు టూత్‌బ్రష్‌లు, కాగితం స్ట్రాలు గర్వంగా చూపించాను. ఇంతలో కరెంటు పోయింది. పెరట్లో డీజిల్ జనరేటర్ దడదడమంటూ లేచి, నల్లపొగ సరిగ్గా ఆవిడ కుర్చీ మీదుగానే పోయింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, కుర్చీ కొంచెం పక్కకి జరుపుకున్నారంతే.

మాది రాజోలు వైపు, వశిష్ఠ గట్టుకి దగ్గర. తాతగారి నాటి మండువా లోగిలి, అతిథులకి నాలుగు గదులు. ఆ రోజు నుంచి నేను చేసిన పనులు, వాటిలో పనికొచ్చినవి, డబ్బు తగలేసినవి ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఈ వరుస ముఖ్యం. చాలామంది సోలార్‌తో మొదలుపెడతారు, అది ఐదో పని.

మొదటి పని: ఏడాది బిల్లులు ముందేసుకుని కూర్చోవడం

ఒక నోటుపుస్తకం తీసుకుని నెలకో వరుస రాయండి. కరెంటు యూనిట్లు, గ్యాస్ సిలిండర్లు, జనరేటర్‌కి పోసిన డీజిల్, ఏసీలకి కొట్టించిన గ్యాస్, నిండిన గదులు. అయిదు గళ్ళు చాలు. తర్వాత ఈ అంకెలతో గుణించండి. ఏసీ గ్యాస్ లెక్క రెండో పనిలో వస్తుంది.

– కరెంటు ఒక యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. మన దేశపు గ్రిడ్‌లో బొగ్గు వాటా ఎక్కువ కాబట్టి ఇంత.
– 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌కి సుమారు 57 కిలోలు. ఎల్‌పీజీ కిలో కాలితే దాదాపు 3 కిలోలు వస్తుంది.
– డీజిల్ లీటర్‌కి సుమారు 2.7 కిలోలు, పెట్రోల్ లీటర్‌కి 2.3 కిలోలు.

మా ఇంటి లెక్క ఇలా తేలింది. నెలకి సగటున 900 యూనిట్లు (మా కుటుంబం వాడకంతో సహా), అంటే 630 కిలోలు. రెండు సిలిండర్లు, 114 కిలోలు. 40 లీటర్ల డీజిల్, 108 కిలోలు. మొత్తం 852 కిలోలు. నెలకి సగటున 60 గది-రాత్రులు నిండేవి. ఒక గదిలో ఒక రాత్రి అతిథి ఉంటే దాన్ని ఒక గది-రాత్రి అంటున్నాను. భాగిస్తే గది-రాత్రికి 14 కిలోలు.

ఈ ఒక్క అంకె రాసిపెట్టుకోండి. మొత్తం కిలోలు మాత్రమే చూసుకుంటే, అతిథులు రాని నెలలో మనమేదో ఘనకార్యం చేసినట్టు కనిపిస్తుంది.

ఇంకొక చిన్న పరీక్ష. ఒకరోజు రాత్రి పదింటికి, తెల్లారి ఆరింటికి మీటర్ రీడింగ్ రాసుకోండి. మా ఇంట్లో వేసవి రోజు వాడకంలో సగానికి పైగా ఆ ఎనిమిది గంటల్లోనే జరిగిపోతోంది. ఏ మిషను తింటోందో వేరే చెప్పక్కర్లేదు.

రెండో పని: ఏసీ. ఇక్కడ తొందరపడొద్దు

ఏసీ అంటే అందరూ కరెంటు గురించే మాట్లాడతారు. నేనూ అంతే. అసలు సంగతి ఒక మధ్యాహ్నం మెకానిక్ వచ్చినప్పుడు తెలిసింది. పాత స్ప్లిట్ ఏసీని ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చాలి. అతను స్పానర్ పెట్టి పైపు నట్టు వదులు చేశాడు. బుస్సుమని శబ్దం, రాగి పైపు కొసన తెల్లగా మంచు కట్టింది, అర నిమిషంలో అంతా అయిపోయింది. “పాత గ్యాస్ పోతే పోయిందిలెండి, కొత్తది కొడదాం” అన్నాడు.

అలా పోయింది ఆర్-22 గ్యాస్, పాత ఏసీల్లో తిరుగుతూ చల్లబరిచేది అదే. కిలో ఆర్-22 గాల్లో కలిస్తే, నూరేళ్ళలో భూమిని వేడెక్కించే లెక్కన దాదాపు 1,800 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అంటే సుమారు 2,570 యూనిట్ల కరెంటు. అందులో కిలో గ్యాస్ ఉందనుకుంటే, మా ఇల్లు దాదాపు మూడు నెలల పాటు వాడే కరెంటుకి సమానమైన కార్బన్ ఆ అర నిమిషంలో పోయిందన్నమాట. ఆర్-410ఏ అయితే ఇంకా ఎక్కువ, కిలోకి 2,000 పైమాటే. ఆర్-32 అయితే 675. ఆర్-290 అనేది ప్రొపేన్, దాని లెక్క అయిదు లోపే, కానీ అది మండే వాయువు కాబట్టి ఆ పని తెలిసిన మెకానిక్ చేతే బిగించాలి.

అందుకని చేయవలసినవి:

ఏసీ విప్పే ముందు “పంప్ డౌన్ చేసి, గ్యాస్ అవుట్‌డోర్ యూనిట్‌లో లాక్ చేశాకే నట్టు తీయి” అని మెకానిక్‌కి చెప్పండి. మిషను నడిచే స్థితిలో ఉంటే ఇది పావుగంట పని. మొహమాటపడి పక్కన నిలబడి చూడకండి, నేను అలాగే చూశాను. కంప్రెసర్ చెడిపోయి పంప్ డౌన్ కుదరకపోతే, గ్యాస్‌ని సిలిండర్‌లోకి తీసుకునే రికవరీ మిషను ఉన్న సర్వీసువాళ్ళని పిలవండి.

ఏటా గ్యాస్ తగ్గుతోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. గ్యాస్ తాగే ఏసీ అంటూ ఏదీ ఉండదు. మన దగ్గర, అందులోనూ అంతర్వేది, ఓడలరేవు వైపు, ఉప్పుగాలికి అవుట్‌డోర్ కాయిల్ త్వరగా తినేస్తుంది. సబ్బు నురుగు పెట్టి లీకు పట్టించండి, అతికించాకే గ్యాస్ కొట్టించండి. నెలకోసారి మంచినీళ్ళతో కాయిల్ కడిగితే ఉప్పు పేరుకోదు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో మాత్రం కడగొద్దు.

కొత్తది కొనేటప్పుడు ఎన్ని టన్నులు, ఎన్ని స్టార్లు అని అడిగి ఊరుకోకుండా, ఏ గ్యాసో కూడా అడగండి. యూనిట్ పక్కనుండే స్టిక్కర్ మీద రాసే ఉంటుంది.

ఇక కరెంటు సంగతి. 2020 నుంచి మన దేశంలో కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలని నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని బీఈఈ (కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ) లెక్క. అతిథి గదిలోకి రాగానే రిమోట్‌తో 18కి దించుతాడు. ఎండలో వచ్చినవాడు, తప్పు లేదు. నేను చేసిందల్లా అతను వచ్చే పావుగంట ముందు 26లో ఏసీ, దాంతోపాటు ఫ్యాన్ వేసి ఉంచడం. చల్లటి గదిలోకి అడుగుపెట్టినవాడు రిమోట్ వెతకడు. గోడ మీద నీతివాక్యాలు అంటించడం కన్నా ఇది బాగా పనిచేసింది.

చాలామంది కూలర్ పెట్టమని సలహా ఇస్తారు. రాయలసీమలో, తెలంగాణలో అది మంచి సలహానే. మన డెల్టాలో గాలే సగం నీళ్ళు. చుట్టూ వరిచేలు, చెరువులు, కాలువలు. తేమ గాలిలో కూలర్ గదిని చల్లబరచలేదు, పక్కబట్టలు చెమ్మెక్కుతాయి. నేను రెండు కొని ఒక్క వేసవిలో అమ్మేశాను. ఇక్కడ పనిచేసేవి నీడ, కదిలే గాలి. మబ్బు పట్టిన రోజుల్లో ఏసీలో తేమ లాగేసే డ్రై మోడ్ చాలు.

మూడో పని: నీడ, ఫ్యాన్లు

మా లోగిలిలో మండువా చుట్టూ ఉన్న గదులు మే నెలలో కూడా ఓర్చుకోదగ్గట్టు ఉంటాయి. మందపు గోడలు, ఎత్తు పైకప్పు, మధ్యలో వేడిగాలి పైకి పోవడానికి దారి. వెనకవైపు 20 ఏళ్ళ కిందట వేసిన శ్లాబు గది మాత్రం రాత్రి రెండింటికి కూడా నిప్పుల కొలిమే. ఆ ఒక్క గది ఏసీ మిగతా మూడింటికి సమానంగా తినేది.

దానికి చేసిన వైద్యం ఇది. శ్లాబు మీద పగుళ్ళు పూడ్చి, పైన ఎండని వెనక్కి కొట్టే తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించాం. అంత ఖర్చు వద్దనుకుంటే చిక్కటి సున్నం మూడు పూతలు వేసినా చాలావరకు పని జరుగుతుంది, కానీ మన వానలకి ఏటా మళ్ళీ వేయాలి. పడమటి కిటికీ బయట తాటాకు పందిరి దించాం. ఎండ అద్దానికి తగలకముందే ఆపాలి, లోపల ఎంత మందపు కర్టెన్ వేసినా వేడి అప్పటికే గదిలోకి వచ్చేసినట్టే. ఆ తర్వాత అతిథులు రాత్రి కంప్రెసర్ మాటిమాటికీ ఆగుతోందని, చెడిపోయిందేమోనని అడగడం మొదలుపెట్టారు. ఇన్వర్టర్ లేని పాత ఏసీలో అలా ఆగడమే మంచి కబురు. ఏసీల మీద నెలకి సగటున 110 యూనిట్ల దాకా తగ్గింది.

ఫ్యాన్ల లెక్క తేలిక. పాత ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారు) ఫ్యాన్ 30 వాట్ల లోపు. వసారా, వంటిల్లు కలుపుకుని మాకు పది ఫ్యాన్లు, రోజుకి సగటున పన్నెండు గంటలు తిరుగుతాయి. 45 వాట్లు, పది ఫ్యాన్లు, పన్నెండు గంటలు, 30 రోజులు: 162 యూనిట్లు. పెట్టిన డబ్బుకి ఇంత త్వరగా ఫలితం ఇచ్చింది మా ఇంట్లో ఇంకోటి లేదు. ఒక్క చిక్కుంది. ఈ ఫ్యాన్‌కి రిమోట్ ఉంటుంది, అది అతిథి సూట్‌కేసులో వెళ్ళిపోతుంది. ఒకటి దాచి ఉంచుకోండి.

నాలుగో పని: వేడినీళ్ళు, జనరేటర్

ఇరవై లీటర్ల బకెట్ నీళ్ళు స్నానానికి సరిపడా కాగడానికి 0.4 యూనిట్ చాలు. గీజర్ పొద్దంతా ఆన్‌లో ఉండిపోవడం వల్లే బిల్లు పెరుగుతుంది. పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా మాత్రమే వెలిగేలా టైమర్ పెట్టించండి. మాకు దీంతో నెలకి సుమారు 40 యూనిట్లు మిగిలాయి.

సోలార్ వాటర్ హీటర్ గురించి నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. మనకి నిజంగా వేడినీళ్ళు కావలసింది కార్తీకం నుంచి మాఘం దాకా. మిగతా ఎనిమిది నెలలూ ట్యాంకులో నీళ్ళే గోరువెచ్చగా ఉంటాయి. పైగా సముద్రం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళకి గొట్టాల్లో సున్నం గడ్డకడుతుంది. అందుకే నేను కొనలేదు. అటకమీదున్న రాగి బాయిలర్ దించి కళాయి పోయించాను. కొబ్బరి డొక్కలు మన దగ్గర కొనక్కర్లేదు, అడ్డు తీస్తే చాలంటారు. బాగా ఎండిన డొక్కలే వేయాలి, పచ్చివి వేస్తే పొగ తప్ప మంట రాదు, ఆ పొగ ఇంట్లో ఆడవాళ్ళ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సంక్రాంతికి వచ్చిన పిల్లలు మాత్రం బాయిలర్ చుట్టూ చేరి కదలరు.

జనరేటర్ లీటర్ డీజిల్‌కి మహా అయితే మూడు యూనిట్లు ఇస్తుంది. అంటే యూనిట్‌కి 0.9 కిలోలు, గ్రిడ్ కన్నా ఎక్కువ. నాలుగు ఫ్యాన్లు, ఆరు బల్బుల కోసం పెద్ద జనరేటర్ నడిపితే లెక్క ఇంకా అధ్వానం. గదుల్లో ఫ్యాన్లు, లైట్లు, వైఫై ఇన్వర్టర్ బ్యాటరీ మీద వేశాం. బీఎల్‌డీసీ ఫ్యాన్లు ముందే పెట్టబట్టి చిన్న బ్యాటరీ సరిపోయింది. జనరేటర్ అమ్మేయమని మాత్రం చెప్పను. 1996 నవంబర్ తుపాను చూసిన ఇంట్లో ఆ మాట అనలేం. నెలకోసారి పది నిమిషాలు నడిపి ఉంచుతున్నాం. డీజిల్ 40 లీటర్ల నుంచి ఎనిమిదికి దిగింది.

ఐదో పని: ఇప్పుడు సోలార్

వాడకం తగ్గించాక పెడితే చిన్న ప్లాంట్ సరిపోతుంది. ఒక కిలోవాట్‌కి సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి, సగటున రోజుకి నాలుగు యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్లకి నెలకి 350 యూనిట్లు అనుకోండి.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. అది ఇళ్ళ కనెక్షన్లకే. మీ అతిథి గదుల మీటర్ కమర్షియల్ కేటగిరీలో ఉంటే రాదు. ముందు బిల్లు మీద కేటగిరీ చూసుకుని, మీ ఊరి కరెంటు సంస్థ ఏపీఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో మాట్లాడి, ఆ తర్వాతే ఎవరికైనా అడ్వాన్స్ ఇవ్వండి.

డెల్టాలో నాకు తెలిసొచ్చిన మూడు సంగతులు ఏ బ్రోచర్‌లోనూ లేవు.

ఒకటి, కొబ్బరిచెట్టు. ప్యానెల్స్ బిగించినవాళ్ళు డిసెంబర్‌లో మిట్టమధ్యాహ్నం వచ్చి చోటు చూసుకుని పోయారు. తీరా ఎండాకాలంలో నాలుగు దాటితే పక్క దొడ్డి కొబ్బరిమట్ట నీడ సన్నగా ఒక ప్యానెల్ మీద పడేది. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా ఆ వరుస మొత్తం ఉత్పత్తి పడిపోతుంది. నీడ సరే, ఒకరోజు ఏకంగా ముదురు కాయే పడి అద్దం సాలెగూడులా పగిలింది. చెట్టు కొట్టేద్దామన్నారు. కాపు కాసే చెట్టుని కొట్టి కార్బన్ తగ్గిస్తామా? ఆ వరుసని శ్లాబుకి ఇంకో వైపు మార్చాం. మీరు పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం, నాలుగింటికి మేడెక్కి నీడ ఫొటోలు తీసుకున్నాకే చోటు ఖాయం చేయండి.

రెండు, గాలి, ఉప్పు. గాల్వనైజ్ చేసిన ఇనుము లేదా అల్యూమినియం స్టాండ్, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు అడగండి. స్టాండ్‌ని శ్లాబుకి గట్టిగా పట్టించాలి. సిమెంటు దిమ్మల మీద ఊరికే నిలబెట్టి పోతామంటే ఒప్పుకోవద్దు. పాత పెంకుటింటి దూలాల మీద అసలు పెట్టొద్దు.

మూడు, కరెంటు పోతే మామూలు ఆన్‌గ్రిడ్ (ఊరి కరెంటు లైనుకి కలిపిన) సోలార్ కూడా ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా అలా చేస్తారు. “సోలార్ ఉంది కదా, కరెంటు పోదు” అని అతిథులకి చెప్పి నేను నవ్వులపాలయ్యాను. పోయినప్పుడూ కావాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోవాలి, ఖర్చు పెరుగుతుంది.

ఆరో పని: వంటిల్లు

రాత్రి భోజనం అయ్యాక “రేపు పొద్దున ఎంతమందికి టిఫిన్? పెసరట్టా, ఇడ్లీనా?” అని అడిగి రాసుకోవడం. ఈ ఒక్క అలవాటుతో పారబోసేది బాగా తగ్గింది. గోదావరి జిల్లాల మర్యాద మన శత్రువు ఇక్కడ. వద్దన్నా వడ్డిస్తాం, విస్తట్లో వదిలేస్తే పెరట్లో పోస్తాం. చిన్న గరిటెతో రెండోసారి, మూడోసారి వడ్డించండి. మర్యాదా దక్కుతుంది, అన్నమూ మిగులుతుంది.

మిగిలినదాన్ని కాలువలో వేయొద్దు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు అడుగు తేలితే ఎవరి రేవులో ఏం పడిందో ఊరంతా చూస్తుంది. గాలి తగలని బురదలో కుళ్ళితే మీథేన్ వస్తుంది, నూరేళ్ళ లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు. గేదెలుంటే గోబర్ గ్యాస్ పెట్టుకోండి. రెండు గేదెల పేడకి వంటింటి వ్యర్థం కలిపితే రోజుకి దాదాపు ఒక ఘనమీటరు గ్యాస్, సుమారు 0.45 కిలోల ఎల్‌పీజీతో సమానం. చలికాలంలో తగ్గుతుంది. మాకు సిలిండర్లు రెండు నుంచి ఒకటిన్నరకి వచ్చాయి. గొట్టం లీకైతే, మిగిలిన గ్యాస్‌ని ఊరికే వదిలేస్తే మాత్రం చేసిందంతా వృథా. గేదెలు లేకపోతే తొట్టిలో ఎండు కొబ్బరిపీచు, చెత్త పొరలు పొరలుగా వేసి కంపోస్టు చేయండి.

సరుకుల్లో రావులపాలెం అరటి, కోనసీమ కంద, ఊరి చెరువు కొరమేను ఉండగా ఎక్కడో ఫ్రీజర్‌లో గడ్డకట్టింది తెప్పించనక్కర్లేదు. పులస కావాలని ఫిబ్రవరిలో అడిగేవాళ్ళుంటారు, వరద నీరొచ్చాక రమ్మని చెప్పండి. లీటర్ నీళ్ళసీసాలు మానేసి గదికో రాగి బిందె, కింద ఒక ఫిల్టర్ పెట్టాం.

అతిథి రెండు రాత్రులకి మించి ఉండకపోతే దుప్పట్లు మధ్యలో మార్చం, ఉతికినవి ఎండలో ఆరేస్తాం. వానాకాలంలో వసారా నిండా తీగలే, ఏం చేస్తాం.

ఏడో పని: అతిథి వచ్చే దారి

ఇది మన పుస్తకంలోకి రాదు కానీ అన్నిటికన్నా పెద్దది. హైదరాబాద్ నుంచి కారులో వచ్చి వెళితే 800 కిలోమీటర్ల పైమాటే. లీటర్‌కి 15 వస్తుందనుకున్నా 55 లీటర్లు, దాదాపు 125 కిలోలు. మా ఇంట్లో రెండు రాత్రులుంటే అయ్యేది దాని ముందు లెక్కలోకే రాదు.

బుకింగ్ ఖాయమయ్యాక పంపే మెసేజ్‌లోనే నరసాపురం, పాలకొల్లు దాకా వచ్చే రాత్రి రైళ్ళ వివరాలు పెడతాను. పాలకొల్లులో దిగితే మన ఆటో వచ్చి చించినాడ వంతెన మీదుగా తీసుకొస్తుందని, ఇక్కడ తిరగడానికి నాలుగు సైకిళ్ళున్నాయని కూడా. కారు లేకపోతే ఇబ్బందేమో అన్న టెన్షన్ తీరితే చాలామంది రైలెక్కుతారు. ఒక రాత్రి బదులు మూడు రాత్రులుండేవారికి ధర తగ్గించండి, ఒకే ప్రయాణం మీద ఎక్కువ రోజులు గడుస్తాయి.

గదులు పెంచుదామనుకునేవారికి

కొత్త బ్లాక్ కట్టే ముందు ఊళ్ళో తాళం వేసున్న పాత లోగిళ్ళు చూడండి. 50 కిలోల సిమెంటు బస్తా తయారీలోనే రకాన్ని బట్టి 30 నుంచి 40 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. నాలుగు గదుల శ్లాబు బిల్డింగ్‌కి పట్టే వందల బస్తాలు లెక్కేస్తే, సోలార్‌తో ఏళ్ళ తరబడి మిగిల్చింది పునాదిలోనే పోతుంది. పెంకు తిరగేయించి, చెద పట్టిన దూలం మార్పించి, బాత్రూమ్ ఒకటి కలిపితే సరిపోయే ఇళ్ళు కోనసీమలో ఇంకా ఉన్నాయి. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్ళు లీజుకి ఇస్తారు కూడా.

పుస్తకం మళ్ళీ తెరిచినప్పుడు

మొదటి ఏడాది చివర 900 యూనిట్లు 590కి వచ్చాయి. సిలిండర్లు, డీజిల్ కలుపుకుంటే నెలకి 520 కిలోలు, గది-రాత్రికి తొమ్మిది లోపు. సోలార్ పెట్టాక నాలుగున్నర చిల్లర. ఏసీ గ్యాస్ లీకైన ఏడాది మాత్రం దాన్ని వేరే గడిలో ఎర్ర సిరాతో రాస్తున్నాను, సగటులో కలిపి దాచకుండా.

“కార్బన్ న్యూట్రల్”, అంటే మా లెక్క సున్నా, అని బోర్డు పెట్టమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. ఆ నాలుగున్నర అలా కనిపిస్తుండగా ఎలా పెడతాను? ఆ హైదరాబాద్ ఆవిడ మొన్న సంక్రాంతికి మళ్ళీ వచ్చారు, ఈసారి రైల్లో. కాఫీ ఇస్తూ పుస్తకం చేతికిచ్చాను. ఎర్ర సిరా గడి దగ్గర ఆగి, “ఇదేంటండీ, ఇంత?” అన్నారు. మెకానిక్ కథ మొదలుపెట్టాను.